మొదటి ఆర్డరుకు సగం ధర

శుక్రవారం ఉదయం ఆరున్నరకు కడియంలో సంపూర్ణమ్మ ఫోనులో నూటయాభై మల్లె మొక్కలు కొంది. ఆ సమయానికి ఆమె నిలబడిన వంటగది కిటికీకి పది అడుగుల దూరంలో నాలుగు వేల మల్లె మొక్కలున్నాయి. అవి ఆమె భర్త ఆశీర్వాదం నర్సరీవి.

కారణం గురువారం భోజనాల దగ్గర పుట్టింది. ఆదివారం చర్చి వార్షికోత్సవం. వచ్చిన ప్రతి కుటుంబానికీ ఒక మల్లె మొక్క ఇస్తామని స్త్రీల సమాజం కార్యదర్శి హోదాలో సంపూర్ణమ్మ మైకులో చెప్పేసింది. సమాజం ఆమె చేతిలో ఆరువేలు పెట్టింది.

"మల్లెలన్నీ పుణె లారీకి బుక్కయిపోయాయి. ఒక్కటి కూడా రాదు," అన్నాడు ఆశీర్వాదం. "క్రోటన్లు మిగిలాయి, పట్టుకెళ్లు."

"పోయినేడు మీరిచ్చిన క్రోటన్లు వారానికే పోయాయండి. మా సమాజం బేబీ గారు ఆ మొక్క ఖాళీ కవరు ఇంకా దాచుకున్నారు. నేను కనిపించినప్పుడల్లా చూపిస్తున్నారు."

"అయితే పక్క నర్సరీలో అడుగు."

"ఆశీర్వాదం గారి భార్య పక్క నర్సరీలో మొక్కలు అడిగిందంటే బాగుంటుందా? నా చీరలు చింపేటప్పుడు మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు మీకు."

చీరల సంగతి నిజమే. మొక్కను పుల్లకు కట్టడానికి ఆశీర్వాదం దారం కొనడు. ఇంట్లో పాత చీరలు చింపి కడతాడు. ఆ వారం వంతు, కూతురు రూబీ బాప్తిస్మానికి సంపూర్ణమ్మ కట్టుకున్న ఊదారంగు చీరకు వచ్చింది.

రూబీ నిడదవోలులో బ్యాంకు ఉద్యోగి. ఆన్‌లైన్‌లో ఎలా కొనాలో తల్లికి ఫోనులో చెప్పింది. సంపూర్ణమ్మ క్యాలెండరు కాగితం వెనుక రాసుకుంది. ఎవరో పంపిన లింకు నొక్కకూడదు. ముందు డబ్బు కట్టకూడదు. విప్పి చూశాకే డబ్బివ్వాలి. సరుకు ఎదురుగా ఉంటేనే ఓటీపీ చెప్పాలి. చివర ఒక వరుస తనే కలిపి, కింద గీత గీసింది: ఆయనకు చెప్పకూడదు.

ఎనభై రూపాయల మొక్క మొదటి ఆర్డరుకు సగం ధర అని ఒక యాప్‌లో ఉంది. శనివారానికి ఇంటికి తెస్తామన్నారు. ఆమె ఆర్డరు పెట్టింది.

కడియం నర్సరీల్లో ఒక పద్ధతి ఉంది. అడిగిన మొక్క తన దగ్గర లేకపోయినా ఎవరూ లేదనరు. పక్కవారికి ఫోను చేసి తెప్పిస్తారు. ఎవరికని పక్కవారు అడగరు. అడిగితే, గిరాకీ లాక్కోవడానికి చూస్తున్నారనుకుంటారు. ఆ శుక్రవారమే తొమ్మిది గంటలకు ఎదురు నర్సరీ రమేష్ బాబు ఆశీర్వాదానికి ఫోను చేశాడు.

"మల్లె నూటయాభై కావాలండి. అర్జెంటు. రాజమండ్రి గోడౌనుకి."

"పుణె లారీకి బుక్కయిపోయాయండి."

"యాభై చొప్పున ఇస్తాను."

"ఆటో పంపండి," అన్నాడు ఆశీర్వాదం.

శనివారం రెండు గంటలకు సంపూర్ణమ్మ చర్చిలో చాపలు దులుపుతోంది. ఆమె ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉంది. అది మోగితే ఆశీర్వాదం ఎత్తాడు.

"మేడం గారు, ఆరువేలు క్యాష్ రెడీగా పెట్టండి. పావుగంటలో గేటు దగ్గరుంటాను. ఓటీపీ వస్తుంది, అదీ చెప్పాలండి," అని అవతలి మనిషి పెట్టేశాడు.

ఫోను పక్కన క్యాలెండరు కాగితం ఉంది. కళ్లజోడు లేకుండా ఆశీర్వాదం చదవగలిగింది గీత గీసిన చివరి వరుస ఒక్కటే. ఆయన బీరువా తెరిచి, సమాజం ఆరువేలూ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎవడో మోసగాడు వస్తున్నాడని రమేష్ బాబును పిలిచాడు. నలుగురు కూలీలు గునపాలతో వచ్చారు. వాళ్ల చర్చి సంఘస్థుడే అయిన కానిస్టేబుల్ యెహెజ్కేలు అన్నం మధ్యలో లేచి వచ్చాడు.

రెండుంబావుకు వ్యాను ఆగింది. డ్రైవరు రాముడు దిగేసరికి చుట్టూ ఏడుగురున్నారు.

"ఆరువేలు తెమ్మన్నావా?" అన్నాడు యెహెజ్కేలు.

"అన్నానండి."

"ఓటీపీ అడిగావా?"

"అడిగానండి. రోజూ అందర్నీ అడుగుతానండి."

"ఒప్పేసుకున్నాడు," అన్నాడు రమేష్ బాబు.

ఎవరో కబురు చెబితే సంపూర్ణమ్మ చీపురుతోనే పరిగెత్తుకొచ్చింది. "ఆ అబ్బాయిని వదలండి. అది నా పార్సిలు."

"ఏం కొన్నావే?" అన్నాడు ఆశీర్వాదం.

"ముందు విప్పి చూడాలి. రూబీ చెప్పింది."

రాముడు మొదటి అట్టపెట్టె విప్పాడు. మల్లె మొక్కలు. రమేష్ బాబు మెల్లగా వ్యాను వెనక్కి నడిచాడు. సంపూర్ణమ్మ ఒక మొక్క తీసి, పుల్లకు కట్టిన ఊదారంగు పీలికను వేళ్లతో తడిమి చూసింది. దాని మీద సగం మామిడి పిందె డిజైను ఉంది.

"ఇది నా చీర."

ఆమె ఆ మొక్కను భర్త ముందుకు చాపింది.

"సంఘానికి ఒక్కటి కూడా రాదన్నారు. ఇవెలా వచ్చాయండి?"

"రమేష్ బాబు గారు రేటిచ్చారు," అన్నాడు ఆశీర్వాదం.

"ఇంతకీ ఏం పోయిందండి? ఏదో ఒకటి రాసుకోవాలి కదా," అన్నాడు యెహెజ్కేలు.

"ఒక చీర," అంది సంపూర్ణమ్మ.

రాముడికి మజ్జిగ ఇచ్చారు. అతను మరోసారి ఓటీపీ అడిగాడు. ఈసారి ఆమె చెప్పింది. డబ్బు భర్త జేబులోంచి తనే తీసి ఇచ్చింది. ఆశీర్వాదం కళ్లజోడు తెప్పించుకుని బిల్లు చదివాడు.

"నలభైకి కొన్నావా?"

"సగం ధరండి."

"నేను యాభైకి అమ్మాను." ఆయన బిల్లు మళ్లీ మొదటి నుంచి చదివాడు. "ఇంకో ఐదొందల మొక్కలకు ఆర్డరు పెట్టు."

"మొదటి ఆర్డరుకేనండి సగం."

ఆశీర్వాదం గునపాలతో నిలబడిన నలుగురు కూలీల వైపు చూశాడు. "ఒరేయ్, మీ ఫోన్లలో ఈ యాప్ ఉందా?"

లేదన్నారు. అయితే తలా నూటయాభై మొక్కలకు ఆర్డరు పెట్టమన్నాడు. యెహెజ్కేలు కూడా తన ఫోను తీశాడు.

ఆదివారం నూటయాభై మొక్కలూ పంచారు. బేబీ గారు రెండు అడిగి తీసుకున్నారు. ఖాళీ కవరు ప్రస్తావన రాలేదు.

సోమవారం తొమ్మిది గంటలకు రమేష్ బాబు ఫోను చేశాడు. ఏడువందల యాభై మల్లెలు కావాలన్నాడు. అర్జెంటన్నాడు. ఎవరికని ఆశీర్వాదం అడగలేదు. రేటు యాభై ఐదు చెప్పాడు.