పొట్టకు అపాయింట్‌మెంట్ లేదు

మా ప్రాంతంలో నిజం చెప్పే సంస్థ ఒక్కటే మిగిలింది. అది పొట్ట!

నవ్వకండి. పత్రికలో మునిసిపాలిటీ ప్రకటనలు, మంత్రుల హామీలు, వాతావరణ సూచనలు రాస్తూనే నాకు జుట్టు నెరిసింది. వాటిలో ఎన్ని నిజమయ్యాయో అడగవద్దు. పొట్ట మాత్రం నాతో ఏనాడూ అబద్ధం ఆడలేదు. బెల్టు అబద్ధం చెబుతుంది, ఇంకో రంధ్రం చేస్తే సరిపోతుంది. అద్దం ముందు ఊపిరి బిగబట్టి నిలబడవచ్చు. తూకం మిషన్‌ను మా ఆవిడ ఇర్యా, ఆవిరి స్నానాల సౌనా గదిలో బెంచీ కింద పెట్టింది. అక్కడ దాన్ని పలకరించేవాళ్లు లేరు.

పొట్టలోని కొవ్వు ఊరికే కూర్చుని తింటుందని మనం ఇన్నాళ్లూ అపోహపడ్డాం. అది ఒక కార్యాలయం. పొద్దస్తమానం హార్మోన్లను తయారు చేసి రక్తంలోకి పంపుతూ ఉంటుంది. ఇది నేను అంటున్న మాట కాదు, యూనివర్సిటీ వాళ్లు అంటున్నది.

ఆ కార్యాలయంలో లెప్టిన్ అనే ఉద్యోగి ఉంది. "చాలు, ఇక తినకు" అని మెదడుకు కబురు చేయడం దాని పని. కొవ్వు పెరిగేకొద్దీ అది ఇంకా గట్టిగా అరుస్తుంది. మెదడు ఆ అరుపుకు అలవాటు పడిపోతుంది. మంచు తీసే బండి తెల్లారుజామున వీధిలో వెనక్కి వస్తూ పీప్ పీప్‌మంటే మనం దుప్పటి లాక్కుని పడుకోవడం లేదా?

అడిపోనెక్టిన్ అని ఇంకొకటి ఉంది. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచడానికి సాయపడుతుంది. చిత్రమేమిటంటే కార్యాలయం పెద్దదయ్యేకొద్దీ ఈ హార్మోను తగ్గిపోతుంది! ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏముంది? మా చుట్టుపక్కల ఊళ్ల ఆసుపత్రులన్నీ కలిపి ఒకే పెద్ద ఆరోగ్య సంస్థ చేశారు. అప్పటి నుంచి మాకు డాక్టరు కనపడటం తగ్గింది. పొట్ట కూడా ప్రభుత్వ పద్ధతిలోనే పెరుగుతుందన్న మాట.

ఈ రెండు హార్మోన్లనూ రక్తంలో కొలిస్తే, చక్కెర పెరగడానికి చాలా ముందే ఎవరికి షుగర్ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువో అంచనా వేయవచ్చునట. ఇంత ముందుచూపు మీకు ఏ మంత్రిలో కనిపించింది?

నా బావమరిది కౌకో యూనివర్సిటీ వాళ్ల ఆ పరిశోధన కోసం రక్తం ఇచ్చాడు. కౌకో మంచు తీసే బండి నడుపుతాడు. మధ్యలో పెట్రోలు బంకు దగ్గర ఆగి, హిల్కా నడిపే కాఫీ కొట్లో యాలకుల బన్ను తింటాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పడు. చెప్పనక్కర్లేదు కూడా, కొవ్వు చెప్పేసింది.

శనివారం సౌనాలో ఆవిరి కోసం కాలిన రాళ్ల మీద నీళ్లు పోస్తూ అన్నాడు. మా మగవాళ్లు ముఖ్యమైన మాటలు చెప్పే చోటు అదొక్కటే.

"బావా, నా కొవ్వు ఏదో వాగిందంట రక్తంలో."

"ఏమని?"

"అమ్మ దారిలోనే పోతున్నానని."

వాళ్లమ్మకు షుగర్‌తోనే చూపు పోయింది. చివరి రోజుల్లో కాఫీ కప్పును వేళ్లతో తడుముకునేది. ఆ కప్పు అందించిన చెయ్యి కౌకోదే. మంచు కురిసే దారిలో బండి నడిపేవాడికి కళ్లు పోతే ఏం మిగులుతుంది?

తలుపు అవతలి నుంచి ఇర్యా అరిచింది. "ఒరేయ్, సోమవారం ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. రేపటి నుంచి నల్లరొట్టె, నడక. నీ బన్నుల సంగతి నాకు తెలీదనుకున్నావా?"

"హిల్కా చెప్పిందా అక్కా?"

"నీ చొక్కా గుండీలు చెప్పాయిరా!"

సోమవారం కౌకో ఫోన్ చేసి నంబరు వదిలాడు. వాళ్లే తిరిగి పిలవడం మా పద్ధతి. పిలిచారు. నేను పక్కనే ఉన్నాను.

"మీ షుగర్ ఎంత ఉందండీ?" నర్సు అడిగింది.

"జబ్బు గీతకి కొంచెం ఇవతల, సిస్టర్. కానీ ఈ హార్మోన్లు..."

"వాటిని నింపడానికి మా కంప్యూటర్‌లో గడి లేదండీ. గీత దాటాక ఫోన్ చెయ్యండి. వెంటనే చూస్తాం."

ఎంత సూటిగా చెప్పిందో చూడండి! దీన్ని కొందరు నిర్లక్ష్యం అంటారు. నేను క్రమశిక్షణ అంటాను. ఇల్లు అంటుకోకముందే ఫైరింజన్ పంపమంటే ఎవరు మాత్రం పంపుతారు?

ఇక్కడ కౌకో గురించి ఒక మాట చెప్పాలి. కనుచూపు మేరలో ఒక్క కారు లేకపోయినా, ఎర్రలైటు ఉంటే ఆ చలిలో రోడ్డు పక్కన నిలబడే మనిషి. మేమందరం అంతే. క్యూలో చీటీ తీసుకుంటే అదే మాకు మోక్షం. గీత దాటాక రమ్మన్నారు కాబట్టి గీత దాటడం తన బాధ్యత అనుకున్నాడు.

నడక మానేశాడు. నల్లరొట్టె మానేశాడు. ఇర్యా నెత్తి కొట్టుకుంది.

"నీకు బుద్ధుందా? తగ్గించుకోమంటే పెంచుకుంటావేంరా?"

"కొంచెం తగ్గితే గీతకి ఇంకా దూరమవుతాను కదక్కా. అప్పుడు డాక్టర్ని చూసేదెప్పుడు?"

దీనికి జవాబు మీకు తెలిస్తే చెప్పండి.

బంకు దగ్గర ఇలాంటివాళ్లు ఇంకో ఇద్దరు తేలారు. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. "ఎంతకొచ్చావ్?" అని ఒకరు, "దగ్గరికొచ్చాను, నువ్వు?" అని ఇంకొకరు. హిల్కా ట్రే పట్టుకుని వచ్చి, "ఇంకోటి పెట్టనా కౌకో, డాక్టరు కోసం?" అనేది. కౌకో పెట్టించుకునేవాడు. తినేటప్పుడు అతని ముఖంలో సంతోషం లేదు. పన్ను కట్టేవాడిలా తినేవాడు.

మంచు కరిగేనాటికి కౌకో గీత దాటాడు. ఫోన్ చేశాడు. సంస్థ మాట నిలబెట్టుకుంది! ఆ వారంలోనే అపాయింట్‌మెంట్ ఇచ్చారు. కౌకో ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇర్యా, నేను తోడు వెళ్లాం.

డాక్టరు మర్యాదస్తుడు. రిపోర్టు చూశాడు, పొట్ట చూశాడు, తల ఊపాడు.

"మీరు కొంచెం ముందే రావలసిందండీ. ఇంత దూరం రాకుండా నడకతో, తిండితో ఆపడానికి ప్రయత్నించేవాళ్లం."

ఇర్యా నోరు తెరిచింది. కౌకో ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"అలాగేనండీ," అన్నాడు.

మావాళ్లలో అది పెద్దగా అరిచినట్టే లెక్క.

పొట్టను తిట్టకండి పాఠకులారా. చక్కెర చెప్పకముందే అది చెప్పింది. డబ్బులు అడగలేదు, నంబరు వదలమనలేదు, గీత దాటి రమ్మనలేదు. దాని పని అది చేసింది.

అదే రోజు కౌకో కంటి వెనక భాగాన్ని ఫొటో తీశారు. ఎడమ కంట్లో చిన్న మచ్చ ఉంది. చూపుకు ప్రస్తుతానికి ఢోకా లేదన్నారు. నర్సు ఆ మచ్చ వివరం కంప్యూటర్‌లో ఎక్కిస్తుంటే నేను వెనక నుంచి తొంగి చూశాను.

దానికి గడి ఉంది.