ఆయిల్‌ను కాపాడే ట్రాఫిక్

బెంగళూరు ట్రాఫిక్‌ను తిట్టేవాళ్లకు ఇంజన్ ఆయిల్ సంగతి తెలియదు. తెలిస్తే ప్రతి సిగ్నల్ దగ్గరా దిగి దండం పెట్టేవాళ్లు.

పద్మనాభానికి తెలుసు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కాబట్టి, రెండువేల రెండులో కారు కొనగానే నెలరోజులు ఇంటర్నెట్‌లో అదే చదివాడు. మామూలు ఆయిలైతే ఐదువేల కిలోమీటర్లకే మార్చాలి. సింథటిక్ అయితే పదివేలదాకా దాని జోలికి పోనక్కర్లేదు. సింథటిక్కే పోయించాడు.

ఇల్లు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, ఆఫీసు కోరమంగల. ఆరు కిలోమీటర్లు, గంటన్నర. వేరే ఊళ్లలో స్నేహితులు ఏడాదికోసారి ఆయిల్ మార్చుకుంటుంటే, మూడేళ్లయినా పద్మనాభం మీటరు ఎనిమిదివేలు దాటలేదు. ఇంత మేలు చేసే రోడ్లు ఇంకే ఊళ్లో ఉన్నాయి? ఎక్కడైనా ఫ్లైఓవర్ కడతారని పేపర్లో చదివితే అతనికి ఆ పూట అన్నం సయించేది కాదు. రోడ్డు ఖాళీ అయితే ఆయిల్ గతేంకాను!

"ఇంజన్ ఏదో సౌండ్ చేస్తోంది, సర్వీసింగ్‌కి ఇవ్వరాదూ?" అంది భార్య శ్రీజ.

"ఇంకా రెండువేల కిలోమీటర్లు టైముంది" అన్నాడు.

పాప పుట్టాక నాలుగేళ్లు ఇంటిపట్టునే ఉన్న శ్రీజకు కోరమంగల స్కూల్లో మళ్లీ టీచరు ఉద్యోగం వచ్చింది. మొదటిరోజు, తొమ్మిదింటికి క్లాసు. ఎనిమిదిన్నరకు, కదలని కార్ల మధ్య, స్టీరింగ్ వెనక ఆయిల్ గుర్తున్న ఎర్రదీపం వెలిగింది. ఇంజన్ గరగరలాడి ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

శ్రీజ దీపాన్ని చూసింది, మొగుణ్ని చూసింది. బ్యాగు భుజానికి తగిలించుకుని, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుని, బంపర్ల సందుల్లోంచి నడుచుకుంటూ వెళ్లిపోయింది. తొమ్మిదికి ఐదు నిమిషాలుండగానే క్లాసులో ఉంది.

కారును నగర్తపేటలో మెకానిక్ అశ్వత్థప్ప షెడ్డుకు లాక్కెళ్లారు. ఆయన కిందనున్న బోల్టు విప్పితే ఆయిల్ కారలేదు. కాసేపటికి తారులాంటిది ముద్దగా జారింది.

"సింథటిక్ అండీ. ఎనిమిదివేలు కూడా తిరగలేదు" అన్నాడు పద్మనాభం.

"బండి తిరగలేదప్పా, ఇంజన్ తిరిగింది. నువ్వు సిగ్నల్లో నిలిచినంతసేపూ నూనె ఉడకతానే ఉండాది. డబ్బా మీద పదివేలు చదివితివి, దాని పక్కనే 'లేదా ఏడాది' అని ఉండాదే, అది చదవలేదా?"

చదివాడు. అది కదలని బళ్ల కోసం రాశారనుకున్నాడు.

"ఆ నూనె బలే మంచిదప్పా. రోడ్డుండే ఊళ్లో పోసుంటే బాగుండు" అన్నాడు అశ్వత్థప్ప, చేతులు తుడుచుకుంటూ.

ఇంజన్ బాగుపడటానికి నెల పట్టింది. ఇప్పుడు పద్మనాభం ఆరునెలలకోసారి తప్పకుండా ఆయిల్ మార్పిస్తున్నాడు. శ్రీజ మాత్రం రోజూ కారు ఆగినచోట దిగి నడుస్తుంది. ఆమె చెప్పులు మూడు నెలలకోసారి మార్చాల్సివస్తోంది. ఇంట్లో అందరికంటే ఎక్కువ కిలోమీటర్లు తిరిగేవి అవే.