కాలవగట్టు వీధిలో ఒక ప్రశ్న

ఆ ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలవగట్టు కింది వీధికి వెళ్లడం, నాలుగిళ్లలో ఒకే ప్రశ్న అడగడం, అక్కడే ఉన్న అక్క ఇంట్లో భోంచేసి ఆఫీసుకు తిరిగి రావడం. వాతావరణం మారుతోందనీ, వానలు మునుపటిలా ఉండవనీ, వరదొస్తే గుట్టమీది బడికి వెళ్లిపోవాలనీ వాళ్ల ఆఫీసు రెండేళ్లుగా ఆ వీధిలో సభలు పెడుతోంది. పాటలు పాడించింది, టోపీలు పంచింది. అదంతా జనం బుర్రకెక్కిందో లేదో తేల్చుకు రమ్మని మేనేజరు అతన్ని పంపాడు.

మొదటి గుమ్మం టైలరుది. ఆయనకు చెవుడు, పైగా మిషను ఆడుతోంది. గుమాస్తా గొంతు పెంచి, "నీళ్లొస్తే ఎక్కడికి వెళ్తారండీ?" అని అడిగాడు. టైలరు అతని మెడలోని ఆఫీసు కార్డు చూశాడు. ముసురు పట్టిన ఆకాశం చూశాడు. నీళ్లొస్తున్నాయి, వెళ్లిపొమ్మంటున్నాడని అర్థం చేసుకున్నాడు. మిషను భుజానికెత్తుకుని బయల్దేరాడు.

టైలరును చూసి ఎదురింటివాళ్లు గ్యాసుబండ ఎత్తారు. వాళ్లను చూసి పక్కింటివాళ్లు పిల్లల్ని చంకనేసుకున్నారు. గుమాస్తా వెంటపడి, వరదేమీ లేదు, ఊరికే అడిగానని మొత్తుకున్నాడు. ఆఫీసువాళ్లే ఏమీ లేదంటున్నారంటే సంగతి పెద్దదేనని జనం ఇంకాస్త జోరు పెంచారు. మధ్యాహ్నానికి వీధి ఖాళీ. మంచంపట్టిన మామగారిని కూడా అక్క కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోయించింది.

మేనేజరు ఫోనులో ఇంతెత్తున లేచాడు. పుకారు పుట్టించినందుకు ఉద్యోగం ఊడుతుందన్నాడు. చీకటి పడేలోగా అందరినీ ఎవరిళ్లలో వాళ్లను దిగబెట్టి రమ్మన్నాడు. గుమాస్తా బడి మెట్ల మీద మైకు పట్టుకుని గొంతు పోయేదాకా చెప్పాడు. ఎవరూ కదల్లేదు. చివరికి అక్క లేచి వచ్చింది.

"నా మొహం చూసి చెప్పరా. వరద రాదా?"

"రాదక్కా. నా ఉద్యోగం పోయేలా ఉంది, దిగండి."

"మామయ్యగారిని మళ్లీ అక్కడే పడుకోబెట్టమంటావా?"

"నేను మోసుకొస్తాను కదా."

వరద వస్తుందో రాదో అతనికి తెలియదు. ఉద్యోగం సంగతి మాత్రం తెలుసు.

సొంత తమ్ముడు అబద్ధం చెబుతాడా అని అక్క మూట నెత్తిన పెట్టుకుంది. ఆమెను చూసి వీధి మొత్తం దిగింది. గుమాస్తా ముసలాయనను వీపున మోసుకొచ్చి, పక్క సర్ది, పడుకోబెట్టాడు. "చల్లగా ఉండు నాయనా" అన్నాడాయన. బడి వెనక గదిలో మిషను పక్కన కునుకు తీస్తున్న టైలరుకు మాత్రం మైకు వినబడలేదు.

తెల్లారి పాలు పోసే వేళకు గట్టు తెగింది. అక్కనూ పిల్లల్నీ డాబా మీంచి పడవలోకి దించారు. మామగారి గది తలుపు పగలగొట్టేసరికి ఆలస్యమైపోయింది. ఆ వీధిలో ఒంటిమీద బట్ట తడవనివాడు టైలరొక్కడే. తమ్ముడందించిన దుప్పటి తీసుకోకుండా, అక్క పక్కావిడ దుప్పట్లో సగం కప్పుకుంది.

నీళ్లు తీశాక మేనేజరు నివేదిక అడిగాడు. ఏం రాయాలో తోచడం లేదన్నాడు గుమాస్తా. మేనేజరు తనే చెప్పి రాయించాడు.

"మన సభలు బాగా పనిచేశాయి. ప్రజలు అధికారుల మాట వింటున్నారు."