సైఫుల్లా డబ్బాలో ఆఫ్రికా పేడపురుగు

గోరంట్ల డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే షబీనా ఆ ఆదివారం ఒక పేడపురుగు మీద రాస్తున్న వ్యాసం ముగించాలనుకుంది. తూర్పు ఆఫ్రికా కొండల్లో, మబ్బులు చెట్లకు తగులుతూ చినుకు ఆగని అడవిలో దొరికిన పురుగది. విదేశీ మ్యూజియం ఆమెను నమ్మి పంపిన, చచ్చి ఎండిన ఒకే ఒక మగపురుగు. కొత్త జాతో కాదో కోసి లోపలి జననాంగం చూస్తే తప్ప తేలదు. ఉన్న ఒక్కదాన్ని కొయ్యడానికి ఆర్నెల్లుగా ఆమెకు చెయ్యి రాలేదు. బిగుసుకున్న కాళ్లయినా మెత్తబడతాయని తడిగుడ్డ పరిచిన స్టీలు డబ్బాలో పెట్టింది.

టీ కాచుకొని వచ్చేసరికి బల్ల మీద డబ్బా లేదు. పుట్టపర్తి లాడ్జిలో పనిచేసే భర్త సైఫుల్లా దాన్ని తన మధ్యాహ్నం అన్నమనుకొని బస్సెక్కేశాడు. వెంటనే ఫోన్ చేసింది.

"ఏమండీ, ఆ డబ్బా తెరవద్దు! దాంట్లో ఆఫ్రికా పురుగుండాది. తెరిస్తే అంతా పోతాది!"

బస్సు రొదలో సైఫుల్లా గట్టిగా అరిచాడు. "ఆఫ్రికా పురుగా? తెరిస్తే అంతా పోతామా?"

పక్కసీటు సుబ్బలక్ష్మమ్మ లేచి నిలబడింది. "డ్రైవరన్నా, బండి ఆపప్పా! ఈయప్ప విషప్పురుగు తెచ్చినాడు!"

బ్రేకు పడింది. డబ్బా సైఫుల్లా ఒళ్లోంచి జారి, సీట్ల కింద దొర్లుకుంటూ డ్రైవర్ కాళ్ల దగ్గరికి చేరింది. ముందు డ్రైవరే దూకాడు. నిమిషంలో బస్సు ఖాళీ. ఇంకో నిమిషానికి పురుగు మాట ఆఫ్రికా జబ్బుగా మారి పోలీసుల దాకా పోయింది.

షబీనా స్కూటీ మీద వచ్చేసరికి జనమంతా వేరుశనగ చేలో నిలబడి ఉన్నారు. కానిస్టేబుల్ వీరేష్ ముక్కుకు కర్చీఫ్ కట్టుకొని, పదడుగుల దూరం నుంచి, "నువ్వే తెరువమ్మా" అన్నాడు.

తెరిచింది. పురుగు రెండు ముక్కలై ఉంది. షబీనా రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది.

"అన్నమనుకుంటి షబీనా..." అన్నాడు సైఫుల్లా.

నష్టమెంతో చూద్దామని ఆమె కళ్లు తుడుచుకొని సంచిలోంచి భూతద్దం తీసింది. విరిగిన చోట, తాను కొయ్యడానికి భయపడిన ఆ లోపలి భాగమే చెక్కుచెదరకుండా బయటపడి ఉంది. కొన రెండుగా చీలి, కొక్కేల్లా వంగి ఉంది. ఆమె చదివిన ఏ పుస్తకంలోనూ అలాంటిది లేదు.

"ఇది కొత్త జాతి," అంది. "ఇంతవరకు దీనికి పేరే లేదు."

సుబ్బలక్ష్మమ్మ మెల్లగా దగ్గరికొచ్చి భూతద్దంలోకి వంగింది. ఎండ పడేకొద్దీ పురుగు వీపు మీద ఆకుపచ్చ రాగిరంగులోకి, రాగి మళ్లీ ఆకుపచ్చలోకి పారుతున్నాయి. "నల్లగుంటాదనుకుంటినే! చూడండప్పా, ఇప్పుడే వానలో తడిసినట్టుండాది," అంది. చాలాసేపు తల ఎత్తలేదు.

ఆమె వెనక జనం వరుస కట్టారు. కర్చీఫ్ విప్పి మధ్యలో దూరబోయిన కానిస్టేబుల్‌ను వెనక్కి పంపారు.

బస్సు ఆలస్యమవుతోందని డ్రైవర్ మళ్లీ బండెక్కి మూడుసార్లు హారన్ కొట్టాడు. నాలుగోసారి కొట్టకుండా దిగివచ్చి వరుసలో నిలబడ్డాడు.