చైర్మన్ గారి వెనకగాలి

"ఆకాశంలో వచ్చినవాడే వైమానికుడు. రోడ్డు మీద వచ్చినవాడు ప్రేక్షకుడు."

ఈ మహావాక్యాన్ని మా చైర్మన్ హాల్‌రాయిడ్ గారు ఏటా జూలైలో, ఇంగ్లండ్ నడిబొడ్డున ఉన్న మా పచ్చిక మైదానంలో మైకు పట్టుకుని సెలవిస్తారు. సొంతచేతులతో విమానాలు కట్టుకున్నవాళ్ల పండగ అది. అందరికంటే దూరం నుంచి ఎగిరొచ్చిన విమానానికి వెండికప్పు ఇచ్చి, కట్టినవాళ్ల పేర్లు దానిమీద చెక్కిస్తారు. పదకొండేళ్లుగా ఒకే పేరు చెక్కి చెక్కి కప్పు ఓ పక్క సన్నబడింది. ఆ పేరు ఎవరిదో చెప్పక్కర్లేదు. నేను క్లబ్బు కార్యదర్శిని, మినిట్స్ నేనే రాస్తాను.

ఈసారీ ఆయన స్కాట్లండ్ నుంచి వచ్చారు. "తెల్లారకముందే దిగాను, మీరెవరూ లేరు" అన్నారు. ఆ విమానం రెక్కలు మడిచి, తోకని కారుకి కట్టి, వెనక్కి తిప్పి లాక్కెళ్లొచ్చు. అలా చేశారని ఎవరూ అనలేదు. మర్యాదస్తులం.

మధ్యాహ్నం మబ్బు విడిచాక మిసెస్ పాస్కో దిగింది. డెబ్బై నాలుగేళ్లు. ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ నుంచి ఒక్కతే వచ్చింది. ఆవిడ విమానం రెక్కల ముందంచులు చచ్చిన పురుగులతో నల్లబడిపోయాయి.

"ఏంటమ్మా ఇది, విమానమా దోమతెరా?" అన్నారు చైర్మన్ గారు.

"దారిలో అడ్డొచ్చిన ప్రతి పురుగూ ఉంది నాయనా, లెక్కెట్టుకో." ఆవిడ టీ కప్పుతో ఆయన విమానం చుట్టూ తిరిగింది. రెక్కల ముందంచు అద్దంలా మెరుస్తోంది. "మరి నీ పురుగులన్నీ తోక చివర చేరాయేం?"

"వెనకగాలి జోరుగా ఉందండీ. తరుముకొచ్చి గుద్దుకున్నాయి."

నలుగురు కమిటీ సభ్యులూ గంభీరంగా తలూపారు. "మాకూ అదే గాలి తగిలింది" అన్నాడొకాయన. వాళ్ల తోకలు కూడా చూశాను. గాలి పక్షపాతం లేకుండా వీచింది. 'వెనకగాలి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని రాసుకున్నాను. కప్పు మళ్లీ ఆయనదే.

"ఆర్థర్ పేరు ఒక్కసారి దానిమీద చూద్దామనుకున్నా" అందావిడ మెల్లగా. పోయిన మొగుడు. వంటింటి బల్ల మీద ఇద్దరూ కలిసి కోసిన చెక్కలే ఆ విమానం.

నేను గొంతు సవరించుకున్నాను. "నియమం తొమ్మిది. గెలిచినవారు కప్పుతో సహా మైదానం చుట్టూ ఒక చుట్టు ఎగరవలెను."

"ఎప్పుడొచ్చిందిది?"

"పోయినేడు మీరు సంతకం పెట్టిన కాగితాల్లోనండీ." టైపు చేసింది నేనే. ఆయన దేన్నీ చదవరు.

ఆయన ఆకాశం వైపు చూశారు. ఒక్క మబ్బు లేదు. "గాలి..."

"ఆకు కూడా కదలట్లేదండీ."

"ఇంజను..."

"పొద్దున్నే స్కాట్లండ్ నుంచి వచ్చింది కదండీ."

జనం అప్పటికే కుర్చీలు తిప్పుకుని కూర్చున్నారు. మిసెస్ పాస్కోకి జాలేసింది. "నా పక్క సీట్లో కూర్చో నాయనా, నేనే తిప్పి తీసుకొస్తా."

ఆయన ఆవిడ చెవి దగ్గరికి వంగారు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినపడింది. "నిచ్చెనెక్కితేనే నాకు కళ్లు తిరుగుతాయమ్మా."

కాసేపటికి ఆవిడ ఒక్కతే కప్పు ఒళ్లో పెట్టుకుని మైదానం చుట్టూ ఒకటి కాదు, మూడు చుట్లు కొట్టింది.

మినిట్స్‌లో ఇలా రాశాను: 'స్త్రీల పట్ల గౌరవంతో చైర్మన్ గారు కప్పును ఆర్థర్, ఈనిడ్ పాస్కో దంపతుల కోసం వదులుకున్నారు.'

జీవితంలో మొదటిసారి ఆయన ఓ కాగితం పూర్తిగా చదివారు. 'గౌరవంతో' ముందు 'అపారమైన' అని చేర్చి, సంతకం పెట్టారు.