రెండు పొరల అద్దం

గోదాములో రాత్రి డ్యూటీ ముగించుకుని గల్ఫ్‌లో సీబ్ అనే ఊళ్ళోని ఇంటికి చేరిన గణపతికి ఆ రోజు ఉన్నది ఒకటే ప్రణాళిక: కిటికీలు మార్పించాలి, పడుకోవాలి. పడకగది కిటికీలు రెండూ పాతకాలం ఒంటి అద్దంవి. జూలై ఎండ వాటిలోంచి నేరుగా మంచం మీదికి దిగుతుంది. ఏసీ రొప్పుతుందే తప్ప గది చల్లబడదు. రెండు నెలలుగా పగలు కునుకులేక, మొన్న డ్యూటీలో నిలబడే తూలి అట్టపెట్టెల మీద పడ్డాడు. ఇంకోసారి పడితే ఊరికి పంపిస్తానని సూపర్‌వైజర్ చెప్పేశాడు.

ఎనిమిదింటికి ఫిట్టర్ లచ్చన్న వచ్చాడు. మంచం, పరుపు, బీరువా మెట్ల దగ్గరికి చేర్పించి, పాత కిటికీలు పీకాడు. చట్రాలు వంకరపోయాయి, అద్దాలు పగిలాయి. ఆ తర్వాత రెండు పొరల అద్దం ఉన్న కొత్త కిటికీలు తెచ్చి అట్ట విప్పి, ఒకదాన్ని కంతకు అడ్డం పెట్టి చూశాడు.

"గణపతన్నా, ఇవి బాత్రూంకా?"

కిటికీలు అన్నం పళ్ళెమంత ఉన్నాయి.

"నలబై ఎనిమిది, ముప్పై ఆరు అని నువ్వే గద వాయిస్ పెట్టినవ్?"

"అంగుళాలు, లచ్చన్నా!"

"అంగుళాలని చెప్పినవా? షాపాయన సెంటీమీటర్లల్ల చేసిండు."

చెప్పాడో లేదో గణపతికే గుర్తులేదు. డ్యూటీ దిగి సగం నిద్రలో పెట్టిన వాయిస్ అది. అతని భార్య సంధ్య ఆ రెండు కంతలనూ, మొగుణ్ణీ ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఏదో ఒకటి తెచ్చి మూస్తానని లచ్చన్న వెళ్ళాడు. గణపతి వడగాలిలోనే చాప పరుచుకున్నాడు. ఇంతలో ఎదురింటి అక్తరీ బేగం మెట్ల దగ్గరి సామాను చూసింది.

"క్యా సంధ్యా, ఇల్లు ఖాళీ చేస్తుండ్రా? ఒక్క మాటన్నా చెప్పకపోతివి!"

"లేదు ఆపా..." అని సంధ్య అనేలోపే కబురు బిల్డింగ్ గ్రూపులో పడింది. అరగంటలో తబ్రేజ్ అనే ఆయన భార్యతో ఇల్లు చూడటానికొచ్చి, చాప మీది గణపతిని దాటుకుని లోపలికి నడిచాడు.

"గాలి బాగా ఆడతాంది. ఇంతకీ ఈయన ఎప్పుడు పోతాడు?"

"ఆయన పోడు. మేం ఏడికీ పోతలేం," అంది సంధ్య.

తర్వాత ఇంకో రెండు కుటుంబాలొచ్చాయి. ఇంటి ఓనర్ ఫోన్ చేసి తాళాలు ఎప్పుడిస్తారని అడిగాడు. పదిహేనో కాల్‌కి సంధ్య రెండు ఫోన్లూ సైలెంట్‌లో పెట్టి మెట్ల దగ్గరి బీరువాలో పడేసింది.

మధ్యాహ్నం లచ్చన్న ప్లైవుడ్, థర్మాకోల్ తెచ్చాడు. చిన్న కిటికీలను మధ్యలో నిలబెట్టి, చుట్టూ ఇటూ అటూ ప్లైవుడ్, నడుమ మందంగా థర్మాకోల్ కూరి, సందులన్నీ మూశాడు.

"పది దినాలు ఓర్సుకో అన్నా, అసలువి తెస్త."

గది దాదాపు చీకటైంది. ఏసీ వేస్తే పావుగంటలో చలి పుట్టింది. గణపతి నమ్మలేక గోడను తడిమి చూశాడు. దుప్పటి కప్పుకుని గురకపెట్టాడు. అలసిపోయిన సంధ్య కూడా పక్కనే ఒరిగింది.

మెలకువ వచ్చి తలుపు తీస్తే బయటా చీకటే. వాచ్‌మన్ మెట్లెక్కి వచ్చాడు. రాత్రి డ్యూటీకి తీసుకెళ్ళే కంపెనీ బస్సు సరిగ్గా ఆ కిటికీల కిందే పావుగంట నిలబడి, హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయిందట.

లోపలికి ఒక్క హారన్ కూడా రాలేదు; లచ్చన్న పని అంత బాగా కుదిరింది.