గట్టిపెద్ద గండప్ప, నల్లమద్ది దుంగ

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే తూర్పు అంచున కుందేలు తుమ్మితే పడమటి అంచునుంచి ‘చిరంజీవ’ అని జవాబు రావడానికి ఒక వానాకాలం పట్టేంత పెద్ద అడవిలో, గండప్ప అనే ఎలుగుబంటి గట్టిపెద్దగా ఉండేవాడు.

గట్టిపెద్ద అంటే ఆషామాషీ పదవి కాదు. తాలింఖానాలో బండమీద వెల్లకిలా పడుకుని, ఛాతీమీది దుంగను చేతులు చాపి పైకెత్తాలి. పట్నంలో దీన్నే బెంచ్ ప్రెస్ అంటారట. ఏటేటా దుంగ లావెక్కాలి. ఎత్తినవాడికి కొండతేనెలో తొలిపట్టు. ఎత్తలేకపోతే తేనే లేదు, పదవీ లేదు.

గండప్ప టేకు దుంగ ఎత్తితే ఆ విసురుకు మబ్బులు పక్క కొండకు పోయి కురిసేవి. అంతటివాడు ఈ ఏటి నల్లమద్ది దుంగ దగ్గర ఆగిపోయాడు. జానెడు లేచేది, అక్కడే అలిగేది.

తాబేలు వైద్యుడు విశ్రాంతి తీసుకోమన్నాడు. తీసుకుంటే వేసవి దాటిపోయింది. ఇప్పపూలు తిని చూశాడు. బలం రాలేదు గానీ పాట వచ్చింది.

“ఈ ఏడు తొలిపట్టు నాదే,” అని అడవిపంది కోరలయ్య మూతి తుడుచుకుంటున్నాడు.

గండప్పకు నిద్ర కరువైంది. అప్పుడు కొండముచ్చు పుల్లేశు వచ్చాడు.

“లోపం నీ కండలో లేదన్నా. పక్కన అరిచేవాళ్ళు లేరు, అదీ లోపం.”

గండప్పను దుంగ కింద పడుకోబెట్టి, తలవైపు నిలబడి, “అంతా నువ్వే అన్నా, అంతా నువ్వే,” అని అరుస్తూ రెండు చేతులతో, తోకతో దుంగ లాగాడు. దుంగ లేచింది.

“నువ్వు చెయ్యి వేశావురా?” అన్నాడు గండప్ప అనుమానంగా.

“రామరామ. వేలు ఆనించా. అదీ దుంగకు మర్యాదగా.”

గండప్ప నమ్మాడు. నమ్మడం సుఖంగా ఉంది మరి.

సంగతి తెలిసి పుల్లేశు బావలు, బావమరుదులు దిగారు. ఆసరా సంఘం వెలిసింది. సంఘం పెరిగేకొద్దీ పట్టు సడలింది. ఇంతమంది లాగుతుంటే నేనెందుకని ప్రతి కొండముచ్చూ గొంతు మాత్రమే అరువిచ్చింది.

పరీక్షరోజు పంచాయతీ పెద్ద ఏనుగు గజమ్మ ఎదుట నల్లమద్ది దుంగను గండప్ప ఛాతీమీదికి దింపారు. కొండముచ్చుల కేకలకు అడవిలో గుడ్లు గడువుకు ముందే పిగిలాయి. దుంగమీద మాత్రం ఒక్క చెయ్యీ లేదు.

“పుల్లేశూ... తియ్యరా...”

“అంతా నువ్వే అన్నా. ఇంకొక్కటి.”

“చచ్చిపోతున్నానురా...”

“విన్నారా, ఎంత పట్టుదలో,” అని బావమరుదులు కళ్ళొత్తుకున్నారు.

గజమ్మ కోరలయ్యను చూసింది. “నువ్వు పడుకుంటావా నాయనా?”

కోరలయ్య దుంగను చూశాడు, బయటికొచ్చిన గండప్ప నాలుకను చూశాడు. “నాకు తేనె పడదు తల్లీ,” అని పలాయనం చిత్తగించాడు.

దుంగ లేవకపోయినా, పోటీ లేనందున పదవి గండప్పదేనని గజమ్మ తీర్పు చెప్పింది. మెడ అందక పూలదండను దుంగమీదే వేశారు. ఆ బరువుకు గండప్ప ఇంకో బెత్తెడు లోపలికి దిగాడు. గజమ్మకు జాలేసి తొండం చాచింది.

“ఏనుగు ఎత్తితే పదవి ఏనుగుదవుతుంది,” అన్నాడు పుల్లేశు.

గజమ్మ తొండం ఆగింది. దుంగ కిందనుంచి ఈలలాంటి గొంతు వినిపించింది.

“ఉండనీ తల్లీ. నాకిక్కడ బాగానే ఉంది.”

ఇందులో నేర్చుకోవలసింది ఒక్కటే: బరువు ఎత్తేవాడు కూలీ, దానికింద ఇరుక్కుని కదలనివాడు నాయకుడు.